పిల్లలకు ఇంట్లో ఖురాన్ నేర్పడం ఎలా? ముందు ఆ బెత్తం అవతల పెట్టండి

మా వీధిలో ఏ ఇంట్లో పిల్లలకు ఖురాన్ నేర్పుతున్నారో బయట నిలబడే చెప్పేయొచ్చు. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయిన పావుగంటకల్లా ఏడుపు మొదలవుతుంది. "తప్పు! మళ్ళీ చెప్పు! మళ్ళీ అదే తప్పు!" అని వాళ్ళమ్మ, ముక్కు ఎగబీలుస్తూ పిల్లోడు. చిత్తూరులో పన్నెండేళ్ళుగా నా పిల్లలిద్దరికీ, వాళ్ళతో పాటు వచ్చి చాప మీద కూర్చున్న పక్కింటి, ఎదురింటి పిల్లలకీ నేర్పుతున్నాను. "ఆపా, మావాడు కాయిదా చూస్తేనే పారిపోతున్నాడు, ఏం చేసేది?" (ఆపా అంటే అక్క, కాయిదా అంటే అరబీ అక్షరాలు నేర్పే మొదటి పుస్తకం) అని అడిగేవాళ్ళకి ఒక్కొక్కరికీ చెప్పలేక ఇది రాస్తున్నా.

మాది ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబం. ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలకైతే ఇదంతా సులువు అనుకుంటారు గానీ వాళ్ళ తిప్పలు వాళ్ళకున్నాయి, కింద చెప్తాను.

కావలసినవి

పెద్ద అక్షరాల నూరానీ కాయిదా ఒకటి, పుస్తకం పెట్టుకునే మడత పీట, అదే రెహల్, ఒకటి, గుప్పెడు చింతపిక్కలు. అంతే. అక్షరం మీద పెడితే చదివే పెన్నులు కొనకండి, పిల్లోడికి పెన్ను మీద మోజు పెరుగుతుంది గానీ చదువు మీద కాదు.

టైము

అందరూ మగ్రిబ్ తర్వాత కూర్చోబెడతారు. స్కూలు, ట్యూషను, హోంవర్కు అన్నీ అయ్యాక కళ్ళు మూతలు పడే టైముకి ఏం ఎక్కుతుంది? తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత, స్కూలు వ్యాను రాకముందే. అయిదారేళ్ళ వాళ్ళకి పది నిమిషాలు, ఏడు దాటితే పదిహేను, అంతకంటే ఒక్క నిమిషం వద్దు. బాగా చదువుతున్నాడు కదా అని ఇంకో లైను లాగొద్దు. "ఇంకొకటి చెప్పమ్మా" అని వాడు అడుగుతున్నప్పుడే మూసేయాలి, రేపు వాడే ముందొచ్చి కూర్చుంటాడు.

మొదట చెవి, పుస్తకం తర్వాత

కనీసం నెల రోజులు కాయిదా తెరవొద్దు. ముందు ఖురాన్‌లో మొదటి సూరా, అంటే అధ్యాయం, ఫాతిహా: ఏడు ఆయత్‌లు (వాక్యాలు). తర్వాత చివరి నుంచి వెనక్కి రండి: నాస్ ఆరు, ఫలక్ అయిదు, ఇఖ్లాస్ నాలుగు. ఖురాన్ ముప్పయ్ భాగాల్లో చివరిదైన ముప్పయ్యో పారాలో, అంటే మనం అమ్మ పారా అనే దాంట్లో, 37 సూరాలుంటాయి. చిన్నవన్నీ చివర్లోనే ఉన్నాయి కాబట్టి వెనక నుంచి రావడమే పిల్లలకి సుఖం. కౌసర్ అయితే మూడే ఆయత్‌లు, మొత్తం 114 సూరాల్లో అదే చిన్నది. దాన్ని రెండు రోజుల్లో అప్పజెప్పిన పిల్ల మొహం చూడాలి, కలెక్టర్ అయినంత సంబరం.

తల దువ్వేటప్పుడు, దోసె పోసేటప్పుడు మీరు పైకి చదువుతూ ఉంటే చాలు, వాళ్ళంతట వాళ్ళే అందుకుంటారు. మీకు ధైర్యం లేకపోతే ఫోన్లో పెట్టండి, కానీ ఫోను బోర్లించి పెట్టండి, మాట వినాలంతే. ఈజిప్టు ఖారీ (ఖురాన్‌ను పద్ధతిగా పఠించేవారు) మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గారిది పెడతాను నేను. నిదానంగా, ఒక్కో అక్షరం విడివిడిగా వినిపిస్తుంది. రాగాలు తీసి ఊపిరి బిగపట్టి చదివేవి పెద్దవాళ్ళకి బాగుంటాయి, పిల్లలకి వద్దు.

కథ చెప్పండి, తెలుగులోనే

చాలామంది ఇది ఎగ్గొడతారు. అర్థం తెలియని మాటలు ఎన్ని రోజులు చెప్తాడు వాడు? ఫీల్ సూరా తీసుకోండి, అయిదు ఆయత్‌లు. అబ్రహా అనేవాడు కాబాను పడగొట్టడానికి ఏనుగుతో, సైన్యంతో వస్తే, పిట్టలు గుంపులు గుంపులుగా వచ్చి కాల్చిన మట్టి రాళ్ళు వేసి ఆ సైన్యాన్ని నమిలేసిన గడ్డిలా చేసిన కథ. మన ప్రవక్త పుట్టింది ఆ ఏనుగు సంవత్సరంలోనే అని కూడా చెప్పండి. మన జిల్లా పిల్లలకి ఏనుగంటే ఏంటో వేరే వివరించక్కర్లేదు. పలమనేరు, కుప్పం వైపు చుట్టాలుంటే చాలు, కౌండిన్య అడవిలోంచి వచ్చి అరటి తోట తొక్కేసిన సంగతులు వింటూనే పెరుగుతారు. ఈ కథ విని మా ఎదురింటి అబ్బోడు అడిగాడు: "ఆపా, ఆ పిట్టలు పలమనేరుకు ఎందుకు రావు?" నాకు జవాబు లేదు. వాడికి మాత్రం సూరా వారంలో వచ్చేసింది.

అక్షరాలు

మొత్తం 28. చాప మీద సుద్దముక్కతో పడవలా గీత గీయండి. కింద ఒక చింతపిక్క పెడితే బే. దాన్ని తీసి పైన రెండు పెడితే తే. మూడు పెడితే సే. పిక్క జరిపితే అక్షరం పేరు మారిపోవడం చూస్తే పిల్లలకి గారడీలా ఉంటుంది, పావుగంటలో మూడూ వచ్చేస్తాయి. జీమ్, హే, ఖే కూడా ఇంతే: పొట్టలో పిక్క, పిక్క లేదు, నెత్తి మీద పిక్క. కుడి నుంచి ఎడమకు చదవాలన్నది మర్చిపోతుంటే కాయిదా కుడి అంచు పక్కన ఒక పిక్క పెట్టండి, "ఇక్కడ బస్సెక్కాలి" అని. ఇక అక్షరాల గురించి చెప్పేదేం లేదు.

తప్పు దిద్దడం: అందరూ పాడు చేసేది ఇక్కడే

ఇది నిదానంగా చదవండి. పిల్లలకి ఖురాన్ మీద ఇష్టం పోయేది కష్టంగా ఉండి కాదు, మనం దిద్దే పద్ధతి వల్ల.

మొదట, తెలుగు లిపిలో రాసి నేర్పొద్దు. అలాంటి చిన్న పుస్తకాలు దొరుకుతాయి, పెద్దవయసులో మొదలుపెట్టిన వాళ్ళకి ఏదో ఆసరా అనుకుందాం, పిల్లలకి మాత్రం ముట్టించొద్దు. చిత్తూరు వాళ్ళకి ఈ బాధ తెలుసు. తమిళంలో పండుకి ఉన్న మాటని తెలుగులో 'పళం' అని రాసుకుని అలాగే పలికితే పక్కింటి తమిళావిడ నవ్వదూ? ఆ అక్షరం మనకి లేదు. అరబీలో అలా లేనివి బోలెడు. 'ఖురాన్' అని రాస్తాం గానీ అరబీలో అది ఖ కానే కాదు, రెండు చుక్కల కాఫ్. ఖే అనేది వేరే అక్షరం. ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లల తిప్పలు అన్నది ఇదే. మన వైపు ఉర్దూలో కలాన్ని ఖలం అంటారు, అదే నోటితో 'ఖుల్ హువల్లాహు' అనేస్తారు. మన పిల్లలు మామూలు క తో 'కుల్' అంటారు. రెండూ తప్పే. రెండు చుక్కల కాఫ్‌తో అంటే "చెప్పు" అని అర్థం, మామూలు కాఫ్‌తో అంటే "తిను" అని అర్థం.

ఈ "తిను" సంగతి మాత్రం తప్పు పలికిన పిల్లోడికి అక్కడికక్కడే చెప్పొద్దు. నేను చెప్పి చెడగొట్టాను. మా చిన్నోడికి ఆరేళ్ళప్పుడు నవ్వుతూనే అన్నాను. వాళ్ళక్క అందుకుని వారం రోజులు అన్నం దగ్గర కూడా "తిను తిను" అని ఏడిపించింది. వాడు చదవడం మానలేదు, గొంతు మాత్రం పోయింది. పెదాలు కదుపుతాడు, శబ్దం రాదు. మళ్ళీ పైకి చదివించడానికి నాకు నెల పట్టింది.

సరే, ఎలా దిద్దాలి? ఆయత్ మధ్యలో ఆపొద్దు. పూర్తి చేయనివ్వండి. "తప్పు" అనే మాటే వాడొద్దు. అదే ఆయత్ మీరు సరిగ్గా ఒకసారి చదవండి, ఆ ఒక్క అక్షరం దగ్గర కొంచెం ఆగి. వాడు మళ్ళీ చదువుతాడు. సరిపోయిందా, ముందుకి. లేదా, రేపు. రెండోసారి దిద్దడం లేదు, అంతే. వారానికి ఒకే శబ్దం పట్టుకోండి. ఈ వారం రెండు చుక్కల కాఫ్ అయితే మిగతావి ఎలా పలికినా చెవులు మూసుకోండి. నాకు తెలుసు, కష్టం. నాలుక కొరుక్కుని కూర్చోవాలి.

ఇఖ్లాస్ సూరా ఈ పనికి బంగారం. 'కుల్'లో రెండు చుక్కల కాఫ్, 'కుఫువన్'లో మామూలు కాఫ్. 'హువ'లో చిన్న హే, 'అహద్'లో పెద్ద హే. నాలుగే ఆయత్‌ల్లో రెండు జతలు. పెద్ద హే రావాలంటే అద్దం ఇచ్చి, కళ్ళజోడు తుడిచేటప్పుడు ఊదినట్టు గొంతులోంచి ఆవిరి పట్టించమనండి. రెండు చుక్కల కాఫ్‌కి నాలుక వెనక భాగం కొండనాలుక దగ్గరికి లేవాలి. నోరు తెరిపించి టార్చి వేసి చూపించండి, పిల్లలు డాక్టరాట అనుకుంటారు.

పాలపళ్ళు ఊడిన పిల్లలతో జాగ్రత్త. సే, జాల్ పలకాలంటే నాలుక కొస పై ముందుపళ్ళ అంచుకి తగలాలి. అసలు పళ్ళే లేకపోతే దేనికి తగులుతుంది? పళ్ళొచ్చేదాకా ఆ రెండు అక్షరాలూ వదిలేయండి. ఆరేళ్ళ పిల్లని దీని కోసం కొట్టిన తల్లిని చూశాను నేను.

కొట్టడం గురించి ఒక్క మాట. నేను చిన్నప్పుడు చదువుకున్న చోట వేళ్ళ కణుపుల మీద బెత్తం పడేది. తొమ్మిదేళ్ళకి మానేశాను. మళ్ళీ ముస్‌హఫ్, అంటే ఖురాన్ పుస్తకం, తెరిచింది పెళ్ళయ్యాక. అలాంటి దెబ్బలు తినే మేమంతా నేర్చుకున్నాం అనేవాళ్ళు, వాళ్ళతో మొదలుపెట్టి మానేసిన వాళ్ళని కూడా లెక్కపెట్టుకోవాలి. తడబడుతూ, కష్టపడి చదివేవాళ్ళకి రెండు పుణ్యాలు అని హదీసులో, అంటే ప్రవక్త మాటల్లో ఉంది, బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ. పిల్లోడు తడబడినప్పుడు నేను "డబుల్" అంటాను, అంతే, వాడు పళ్ళికిలించి మళ్ళీ చదువుతాడు.

ఇంకోటి, "మేనత్త వచ్చింది, సూరా చెప్పి వినిపించు" అని నలుగురిలో నిలబెట్టడం మానండి. పోటీలు కూడా. వాడికి వాడుగా చెప్తానంటే వేరే సంగతి.

ఆ తర్వాత

శుక్రవారం కొత్త పాఠం వద్దు, పాతవి తిరగేయాలి. బహుమతులు నేను పెట్టను, కాయిదా పూర్తయిన రోజు మాత్రం వీధిలో అందరికీ మిఠాయి పంచుతాను, పిల్లోడి చేతే.

అప్పుడు మసీదులో ఖారీ సాబ్ దగ్గరికో, ఆడపిల్లయితే మతం చదువుకున్న తెలిసిన ఆలిమా దగ్గరికో తీసుకెళ్ళి ఒకసారి ఫాతిహా వినిపించండి, మీ చెవికి అందని తప్పులు వాళ్ళకి అందుతాయి. పిల్లతో పాటు మీరూ చదవండి. మా పాపని తీసుకెళ్తే ఆలిమా పాపది బాగుందని చెప్పి, నన్ను చదవమంది. ఫాతిహా చివరి మాటలోని జ్వాద్ అనే అక్షరం దగ్గర ఆపింది. ఆయత్ పూర్తయ్యాకే ఆపిందిలెండి. నాకు అది రావడానికి మూడు వారాలు పట్టింది, పాప మాత్రం ఇంట్లో రోజూ "డబుల్" అంటూనే ఉంది.