వన్యప్రాణుల ఫొటోలకు ఫుల్‌ఫ్రేమా, క్రాప్ సెన్సరా? ఎలా తేల్చుకోవాలి

"క్రాప్ కెమెరా తీసుకో, జూమ్ ఎక్కువొస్తుంది" అంటారు కొందరు. "ఫుల్‌ఫ్రేమ్ అయితే నాయిజే (ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలు) ఉండదు" అంటారు ఇంకొందరు. రెండూ సగం మాటలే. వాటిని నమ్మి డబ్బు తగలేసి, ఏడాది తిరక్కముందే కెమెరా అమ్మకానికి పెట్టేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

కొలతలు చకచకా చెప్పేస్తాను. కెమెరాలో వెలుతురును ఫొటోగా మార్చే పలకే సెన్సర్. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ. క్రాప్ సెన్సర్ నికాన్, సోనీల్లో సుమారు 23.5×15.6, కెనాన్‌లో ఇంకాస్త చిన్నది. ఫుల్‌ఫ్రేమ్ ఎన్ని రెట్లు వెడల్పో చెప్పే 1.5, 1.6 అనే లెక్కలు అక్కణ్నుంచే వచ్చాయి. క్రాప్ కెమెరాకు తగిలించినంత మాత్రాన 400 మి.మీ. లెన్స్ 600 అయిపోదు. చుట్టూ ఉన్న దృశ్యం తెగిపోతుంది, అంతే.

1. పాత ఫొటోలు తెరవండి. మీకు బాగా నచ్చినవి ఓ యాభై తీసి, ఏ ఫోకల్ లెంగ్త్‌లో (లెన్స్‌కు మి.మీ.లలో చెప్పే అంకె), ఎంత ఐఎస్ఓలో (వెలుతురు తగ్గేకొద్దీ పెంచే సెట్టింగ్) తీశారో చూడండి. చాలావరకు లెన్స్‌ను చివరిదాకా తిప్పి తీసినా, తర్వాత సగానికి సగం కత్తిరించాల్సి వచ్చిందంటే మీ సమస్య దూరం. జంతువు ఫ్రేమ్ నిండా ఉండి, ఐఎస్ఓ మాత్రం 6400 దాటుతుంటే మీ సమస్య వెలుతురు.

2. పిక్సెళ్లు లెక్కేయండి. ఫుల్‌ఫ్రేమ్ మెగాపిక్సెళ్లను 2.25తో (1.5×1.5) భాగిస్తే క్రాప్ సైజుకు ఎన్ని మిగులుతాయో తెలుస్తుంది. 24 ఉంటే 11 లోపే. ఫుల్‌ఫ్రేమ్ అయిన నికాన్ డి850ని క్రాప్ మోడ్‌లో పెడితే 19.4 వస్తాయి, అంటే 20.9 ఉన్న క్రాప్ కెమెరా డి500కి దాదాపు సమానం. క్రాప్ కెమెరా కెనాన్ ఆర్7లో 32.5 ఉన్నాయి, అంత దట్టంగా పిక్సెళ్లు కావాలంటే ఫుల్‌ఫ్రేమ్‌లో 80కి పైనే ఉండాలి. చిన్న పక్షుల కోసం 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కొనొద్దు. దీనిమీద చర్చ అనవసరం.

3. వెలుతురు సంగతి తేల్చుకోండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ఫుల్‌ఫ్రేమ్ వైశాల్యం 2.25 రెట్లు ఎక్కువ కాబట్టి ఒక స్టాప్‌కు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) పైగా అదనపు వెలుతురు పడుతుంది. నిజమే. కానీ ఎక్కడ పడుతుంది? ఒకే చోట నిలబడి, ఒకే లెన్స్‌తో, ఒకే అపర్చర్‌లో (లెన్స్‌లో వెలుతురు దూరే ద్వారం) ఓ పిట్టను తీశారనుకోండి. సెన్సర్ మీద దాని బొమ్మ 8 మి.మీ. ఉంటే రెండు కెమెరాల్లోనూ 8 మి.మీ.యే. ఆ 8 మి.మీ. మీద పడే వెలుతురూ ఒకటే. ఫుల్‌ఫ్రేమ్‌కు అదనంగా దక్కింది చుట్టూ ఉన్న ఆకులు, ఆకాశం. వాటిని కత్తిరించి పారేశారంటే మీరు డబ్బు పోసి కొన్న స్టాప్ కూడా వాటితోపాటే పోయింది.

ఆ లాభం చేతికి రావాలంటే ఫ్రేమ్ నింపాలి. దానికి దగ్గరికెళ్లాలి, లేదా పొడవైన లెన్స్ కొనాలి. ఆ లెన్స్‌లోనూ ఎఫ్ నంబర్ (ఫోకల్ లెంగ్త్‌ను ద్వారం వెడల్పుతో భాగిస్తే వచ్చేది) పెరగకూడదు. 400 మి.మీ. ఎఫ్5.6 లెన్స్‌లో వెలుతురు దూరే ద్వారం సుమారు 71 మి.మీ.; 600 ఎఫ్8లో 75. అంటే క్రాప్ మీద మొదటిది, ఫుల్‌ఫ్రేమ్ మీద రెండోది పెట్టి ఒకే షట్టర్ స్పీడ్‌తో తీస్తే ఫొటోలు దాదాపు ఒకేలా వస్తాయి, నాయిజ్‌తో సహా. అదే 600 ఎఫ్5.6 అయితే 107 మి.మీ. తేడా కనిపిస్తుంది, జేబుకూ భుజానికీ కూడా.

నమ్మకం కుదరకపోతే రెండు కెమెరాలూ అద్దెకు తెచ్చి పరీక్షించండి. కానీ రెండు ఫొటోలనూ 100 శాతం జూమ్ చేసి పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పొద్దు. పిక్సెళ్లు దట్టంగా ఉన్న కెమెరాలో నాయిజ్ అలాగే ఎక్కువ కనిపిస్తుంది. రివ్యూల్లో సగం గోల ఇదే. సాయంత్రం వెలుతురులో, ట్రైపాడ్ మీద, ఒకే లెన్స్, ఒకే షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ 3200 పెట్టి రా ఫైళ్లు (కెమెరా మార్పులు చేయనివి) తీయండి. నాయిజ్ రిడక్షన్ ఆపేయండి. రెంటినీ ఒకే ఫ్రేమ్‌కు కత్తిరించి, ఒకే వెడల్పుకు, 2000 పిక్సెళ్లనుకోండి, తగ్గించండి. అప్పుడు పోల్చండి.

4. డబ్బు ముందు లెన్స్‌కు పెట్టండి. మిగిలిన దాంట్లో బాడీ (లెన్స్ లేని కెమెరా). దూరం సమస్య ఉన్నవాళ్లకు క్రాప్, ఫ్రేమ్ నింపగలిగి చీకట్లో తీసేవాళ్లకు ఫుల్‌ఫ్రేమ్. రెండూ కావాలంటే 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్, ఖర్చు భరించగలిగితే. టెలీకన్వర్టర్‌తో (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య తగిలించి ఫోకల్ లెంగ్త్ పెంచేది) సరిపెట్టుకుందామనుకుంటే, 1.4 రెట్లది ఒక స్టాప్ మింగేస్తుందని ముందే తెలుసుకోండి.

5. కొనేముందు ఎగిరే పక్షిని తీసి చూడండి. ఎలక్ట్రానిక్ షట్టర్‌తోనే (షట్టర్ తెర కదలకుండా సెన్సర్ చదివి తీసే పద్ధతి). సెన్సర్ నెమ్మదిగా చదివే కెమెరాల్లో రెక్కలు వంకర్లు తిరుగుతాయి. అలా వస్తే మెకానికల్ షట్టర్‌కు మారి మళ్లీ తీయండి. మెకానికల్ షట్టర్‌తో సెకనుకు వచ్చే ఫొటోలు మీకు చాలకపోతే వేరే మోడల్ చూసుకోండి.