మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అప్పుడప్పుడూ ట్రాన్సాక్షన్ ఎర్రర్లా? చెయ్యి పెట్టే ముందు ఈ జాగ్రత్తలు

• ట్రాన్సాక్షన్ అంటే అన్నీ కలిసి జరగాల్సిన, లేదా ఒక్కటీ జరగకూడని మార్పుల గుంపు. దానికి ఎర్రర్ వస్తే ముందు నంబరు చూడండి. 1213 అంటే డెడ్‌లాక్, ట్రాన్సాక్షన్లు ఒకదాని లాక్ (డేటాపై పట్టు) కోసం ఇంకొకటి ఎదురుచూస్తూ ఇరుక్కుపోవడం. 1205 అంటే లాక్ కోసం ఎదురుచూసి గడువు దాటిపోవడం. రెండింటికీ ఒకే మందు వేయకండి. 1213 వస్తే ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇంజిన్) ఆ ట్రాన్సాక్షన్ మొత్తాన్నీ రద్దు చేస్తుంది. 1205 వస్తే, మామూలు సెట్టింగుల్లో ఆఖరి స్టేట్‌మెంట్ (ఆదేశం) ఒక్కటే రద్దవుతుంది. అంతకుముందు చేసిన మార్పులు, పట్టుకున్న లాకులు అలాగే ఉంటాయి. అప్పుడు కోడ్ ఎర్రర్‌ను మింగేసి కమిట్ (మార్పులను ఖాయం చేయడం) కొట్టిందంటే, డబ్బు బదిలీ చేసేచోట ఒక ఖాతాలో తగ్గుతుంది, రెండో ఖాతాలో పెరగదు! అందుకే రోల్‌బ్యాక్ (చేసిన మార్పులను వెనక్కి తీయడం) ఉందో లేదో కోడ్ తెరిచి చూశాకే రీట్రై పెట్టండి. అదీ ట్రాన్సాక్షన్ మొదటి నుంచి.

• టెన్షన్‌లో సర్వర్ రీస్టార్ట్ చేయకండి. ‘షో ఇంజిన్ ఇన్నోడీబీ స్టేటస్’ ఆదేశం చూపించేది ఆఖరి డెడ్‌లాక్‌నే, రీస్టార్ట్ చేస్తే అదీ పోతుంది. ముందు కాపీ చేసి పెట్టుకోండి. ‘ఇన్నోడీబీ ప్రింట్ ఆల్ డెడ్‌లాక్స్’ సెట్టింగ్ ఆన్ చేస్తే ఇకపై వచ్చేవన్నీ ఎర్రర్ లాగ్‌లో పడతాయి.

• బ్యాకప్ ఉంటే చాలదు, వేరే సర్వర్‌లో రీస్టోర్ చేసి చూడాలి.

• లక్షల వరుసలు మార్చిన ట్రాన్సాక్షన్‌ను కిల్ చేస్తే రోల్‌బ్యాక్‌కు చాలాసేపు పడుతుంది. మధ్యలో సర్వర్ ఆపినా తప్పించుకోలేరు, లేచాక మిగతాది చేస్తుంది.

• లాక్ కోసం ఎదురుచూసే 50 సెకన్ల డిఫాల్ట్ గడువును పెంచడం నా దృష్టిలో రోగాన్ని దాచిపెట్టడమే.

• ఇండెక్స్ (వెతకడం వేగంగా జరిగేలా టేబుల్‌కు వేసే సూచిక) వేయాలంటే రద్దీ లేని వేళ చూసుకోండి. ఆ టేబుల్‌ను వాడి, తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్ ఒక్కటున్నా ఆల్టర్ (టేబుల్‌ను మార్చే ఆదేశం) ఆగిపోతుంది, దాని వెనక ఆ టేబుల్ కోసం వచ్చిన క్వెరీలన్నీ క్యూ కడతాయి.