కారుకు మెరుగు – 4వ పాఠం: వేళ్లకు దొరికే గరుకు

కిందటి పాఠంలో రెండు బకెట్లతో కడగడం, రుద్దకుండా గుడ్డ పరిచి నీళ్లు పీల్పించి ఆరబెట్టడం నేర్చుకున్నాం. ఈపాటికి రెండు మూడుసార్లు కడిగి చూసే ఉంటారు. ఆ పాఠం తర్వాత నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "ఇంత జాగ్రత్తగా కడిగినా రంగులో కళ లేదు. షాంపూ మార్చమంటారా?"

మార్చక్కర్లేదు. నీళ్లకూ షాంపూకూ లొంగే మురికి పోయింది, లొంగనిది రంగుకు అతుక్కుని ఉంది. ఈసారి దాని పని పడదాం.

ముందు అది ఉందో లేదో తెలుసుకోవాలి. కడిగి ఆరబెట్టిన కారు దగ్గరికి వెళ్లి, పల్చటి ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి, వేళ్ల కొసలతో బానెట్ మీద మెల్లగా నిమరండి. ఒట్టి చేతికి నున్నగా అనిపించిన చోటే ఇప్పుడు సన్నటి ఇసుక చల్లినట్టు తగులుతుంది. చర్మం రంగును పట్టి లాగుతుంది కాబట్టి ఆ లాగుడులో చిన్న చిన్న బుడిపెలు తెలియవు. కవరు జారుతుంది, అందుకే ప్రతి బుడిపే వేలికి అందుతుంది. ఖర్చు లేని ఈ పరీక్ష ఇక మీదట ఈ పాఠాలన్నిటిలోనూ వస్తుంది. కళ్లు మూసుకుని చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మెరుపు కనిపిస్తుంటే వేళ్లు చెప్పే మాట మనం సరిగ్గా వినం.

బానెట్ ఒక్కటే చూసి ఆగకండి. టాప్ మీద, డిక్కీ మూత మీద, చక్రాల వెనక డోర్ల కింది భాగంలో, వెనక బంపర్ మీద కూడా నిమరండి. ఎక్కడ ఎంత గరుకుందో ఒక కాగితం మీద రాసుకోండి. నిలువు భాగాల కన్నా పడుకుని ఉన్న భాగాలు ఎక్కువ గరుకుగా ఉండటం మామూలే. గాలిలోంచి రాలేవన్నీ వాటి మీదే కూర్చుంటాయి.

ఆ బుడిపెలు ఏమిటి?

చాలా వరకు ఇనుము. బ్రేక్ వేసినప్పుడు ప్యాడ్ పోత ఇనుముతో చేసిన డిస్కును ఒరుసుకుంటుంది. అక్కడ రాలే రజను వేడిగా ఎగిరి పక్కనున్న రంగు మీద పడి అతుక్కుంటుంది. మన బ్రేకుల రజనే కాదు, ముందు వెళ్లే బండిదీ మన మీదే పడుతుంది. రైలు పట్టాల పక్కన నిలిపే కార్లకూ ఇదే బాధ. తేమ తగలగానే ఆ రేణువు తుప్పు పడుతుంది. తెల్ల కారు మీద కనిపించే సన్నటి నారింజ చుక్కలు అవే. కారు రేకు తుప్పు పట్టిందని కంగారు పడేవాళ్లు ఉన్నారు. ఎక్కువసార్లు ఆ తుప్పు రేకుది కాదు, పైన కూర్చున్న రేణువుది.

ఇనుము తర్వాత తారు చుక్కలు, చెట్ల జిగురు, దగ్గర్లో ఎవరైనా రంగు కొట్టినప్పుడు ఎగిరి పడిన తుంపర. ఒక్కోదానికి ఒక్కో మందుంది, అందుకే అన్నిటినీ ఒకే దెబ్బతో గీకేయాలని చూడకూడదు. మందుకు కరిగేదాన్ని మందుతో కరిగించి, మిగిలినదానికే చెయ్యి వాడాలి. ఈ వరుస తప్పితే ఆ తర్వాత చేసే పనంతా రంగుకు బరువవుతుంది.

తారుకు తారు రిమూవర్ ఉంది. గుడ్డకు కొద్దిగా పట్టించి చుక్క మీద అర నిమిషం ఆనించండి, కరిగాక తుడిచేయండి. రబ్బరు మీద, పెయింట్ లేని నల్ల ప్లాస్టిక్ మీద ఎక్కువసేపు ఉండనివ్వకండి.

ఇనుముకు ఐరన్ రిమూవర్. చాలావాటిలో థయోగ్లైకోలేట్ అనే లవణం ఉంటుంది. అది ఇనుముతో కలిసి నీళ్లలో కరిగే పదార్థంగా మారుతుంది, మారుతూ రంగు తేలుతుంది. తెల్ల కారు వెనక బంపర్ మీద కొట్టి పక్కన నిలబడి చూడండి. మొదటి నిమిషం ఏమీ ఉండదు. తర్వాత సూదిమొనంత చుక్కలు ఒక్కొక్కటే నేరేడు రంగులో తేలతాయి, పెద్దవై, చారలుగా కిందికి జారతాయి. శుభ్రంగా ఉందనుకున్న బంపర్ మీద అన్ని చుక్కలు లేవడం మొదటిసారి చూసినవాళ్లు ఎవరూ మర్చిపోరు. నల్ల కారు మీద ఈ రంగు కనిపించదు గాని పని మాత్రం జరుగుతుంది.

దీనికి కుళ్లిన గుడ్డు వాసన ఉంటుంది, గాలి ఆడే చోటే వాడండి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ఎండలో, వేడిగా ఉన్న రేకు మీద వద్దు. డబ్బా మీద చెప్పినంతసేపే ఉంచి, ఆరిపోకముందే ధారాళంగా నీళ్లు కొట్టి కడిగేయండి. ఆరితే మరకలు పడతాయి.

ఇప్పుడు మళ్లీ కవరు పరీక్ష. కొన్నిసార్లు గరుకు ఇక్కడికే పోతుంది. పోతే సంతోషంగా ఆపేయండి, ఈ పాఠంలో మిగిలిన పని మీ కారుకు అవసరం లేదు. పోకపోతేనే క్లే చేతికి తీసుకోవాలి.

క్లే అంటే సానరాయి

పేరు విని ఇదేదో బంకమట్టి అనుకుంటారు. పిసికితే అలాగే సాగుతుంది, పిల్లలు బొమ్మలు చేసే ముద్దలాగే ఉంటుంది. కానీ అది మెత్తటి కృత్రిమ బంకలో చాలా సన్నటి రాపిడి పొడి కలిపి చేసిన ముద్ద. ఇది జపాన్‌లో పుట్టిన వస్తువు. తడావో కొదాతె పేరుతో 1990ల్లో అమెరికాలో వచ్చిన పేటెంటుకు పెట్టిన పేరు 'ప్లాస్టిక్ ఫ్లెక్సిబుల్ గ్రైండింగ్ స్టోన్'. అంటే వంగే సానరాయి. ఆ పేరే వాడుకలో నిలిచి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. చేతిలో ఉన్నది సానరాయి అని తెలిసినవాడు దాన్ని ఎండు రంగు మీద రుద్దడు. బలం పెట్టి నొక్కడు, ప్రతి వారం వాడడు.

రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొర, అంటే క్లియర్ కోట్, దాని మందం చాలా కార్లకు 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. మన పనంతా వెంట్రుక కన్నా పల్చని పొర మీదే జరుగుతుంది. క్లే ఆ పొర మీద తేలుతూ వెళ్లి, పైకి పొడుచుకొచ్చిన రేణువును కోసి తనలోకి లాక్కుంటుంది. పొరలోకి దిగిన గీతను, పక్షి రెట్ట తినేసిన మచ్చను, నీటి సున్నం కొరికిన గుంటను అదేమీ చేయలేదు. వాటి కోసం ఎంత రుద్దినా కొత్త గీతలు పడటమే మిగులుతుంది.

ఒక ముద్ద కొంటే మొత్తం ఒకేసారి వాడకండి. 50 గ్రాముల చొప్పున ముక్కలు చేయండి, చల్లగా గట్టిగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచండి. మూడు వేళ్ల కింద సరిపోయేలా అర సెంటీమీటరు మందాన చదును చేయండి. మొదటిసారి కొనేవాళ్లు ఫైన్ రకమే, అంటే రాపిడి తక్కువున్నదే, తీసుకోండి. ముద్ద రంగు చూసి రకం తేల్చుకోవద్దు, ఒక కంపెనీ నీలం ఇంకో కంపెనీ నీలం ఒకటి కావు. డబ్బా మీద ఏం రాసిందో చూడండి.

ఒకసారికి రెండడుగుల చదరం చాలు. ముక్క జారడానికి కొట్టే ద్రవం, క్లే లూబ్రికెంట్ (మా వాడుకలో లూబ్), ఆ చదరం మీదా, ముక్క మీదా కూడా కొట్టండి. ఉట్టి నీళ్లు సరిపోవు, జారుడు ఉండాలి. ముక్క ఆనించి, వేళ్ల బరువే తప్ప చేతి బరువు పడకుండా, అటూ ఇటూ తిన్నటి గీతలో జరపండి. గుండ్రంగా తిప్పకండి. ఎక్కడైనా రాపిడి పడితే తిన్నటి గీతను తర్వాత తీయడం తేలిక, సుడులుగా పడితే ప్రతి దీపం కిందా మెరుస్తుంది.

ఇక్కడ చెవి పెట్టండి. మొదటి రెండు మూడు ఊపుల్లో సన్నటి గరగర వినిపిస్తుంది, ముక్క కొంచెం పట్టి పట్టి వెళుతుంది. ఇంకో నాలుగైదు ఊపులకు గరగర తగ్గుతుంది. తర్వాత ఒక ఊపులో చప్పుడు ఉండదు, తడి గాజు మీద సబ్బుముక్కలా ముక్క దానంతటదే జారిపోతుంది. అదే ఆగాల్సిన క్షణం. అక్కడి నుంచి ఒక్క ఊపు ఎక్కువైనా క్లే కోసేది మురికిని కాదు, మీ రంగును. ఎన్ని ఊపులు అని అడిగితే నేను లెక్క చెప్పలేను. టాప్ మీద పది పట్టొచ్చు, డోరు మీద మూడే చాలొచ్చు. ముక్క పట్టేసినట్టు అనిపిస్తే నొక్కొద్దు, ఇంకాస్త లూబ్ కొట్టండి.

గుడ్డతో తుడిచి, కవరుతో నిమిరి, ముక్కను తిప్పి చూడండి. గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. ముక్కను మడిచి, పిసికి, శుభ్రమైన ముఖం పైకి తెచ్చి పక్క చదరానికి వెళ్లండి. మడిచినా శుభ్రమైన చోటు దొరకని రోజున ఆ ముక్క పని అయిపోయినట్టే. అద్దాలకు కూడా క్లే చాలా బాగా పనిచేస్తుంది, కాకపోతే ముక్క వేరుగా పెట్టుకోండి. మ్యాట్ రంగు వేసిన కారు మీద మాత్రం వద్దు, నిగనిగ లేని ఆ రంగు మీద రుద్దిన చోట మెరిసిపోయి మచ్చలా నిలిచిపోతుంది.

ముక్క కింద పడితే

పారేయండి. ఇందులో మినహాయింపు లేదు.

నేను నేర్చుకుంటున్న రోజుల్లో ఒక స్నేహితుడి నల్ల కారు మీద పని చేస్తుంటే ముక్క చేజారి నేల మీద పడింది. తీసి, నీళ్లతో కడిగి, అటూ ఇటూ తిప్పి చూశాను. శుభ్రంగానే కనిపించింది. మళ్లీ డోరు మీద పెట్టాను. రెండే ఊపులు. గుడ్డతో తుడిచి టార్చి వేసేసరికి హ్యాండిల్ కింద జానెడు పొడుగున నాలుగు తెల్ల గీతలు పక్కపక్కన ఉన్నాయి. కంటికి ఆనని ఇసుక గింజ ముద్దలో దూరి ఉంది. నేను వెంటనే అతన్ని పిలిచి చూపించాను. అతను చాలాసేపు ఆ గీతల వైపే చూశాడు, ఏమీ అనలేదు. రెండు వారాల తర్వాత మళ్లీ అదే కారు తెచ్చి నిలిపి, "ఈ డోరు నువ్వే సరిచెయ్యి" అన్నాడు. పాలిషింగ్ నేను మొదటిసారి శ్రద్ధగా నేర్చుకున్నది ఆ డోరు కోసమే.

మేం కొందరం సెలవు రోజుల్లో కలుస్తుంటాం. ఒక కారు, తలా ఒక భాగం. కొత్తగా ఎవరొచ్చినా ముందు కారు మీద చెయ్యి వేయనివ్వం. పాత సామాన్లవాళ్ల దగ్గర తెచ్చిన నల్ల బానెట్ ఒకటుంది, మధ్యకు టేపు వేసి సగం వాళ్లకు అప్పగిస్తాం. గరగర ఎప్పుడు ఆగిందో కళ్లు మూసుకుని చెప్పమంటాం. దాని మీద మా అందరి గీతలూ ఉన్నాయి, ఏది ఎవరిదో మాకు తెలుసు. ఈ అభిరుచి ఉన్నవాళ్లలో నాకు నచ్చే గుణం అదే. నిగనిగలాడే ఫొటో చూపించినవాడిని మెచ్చుకుంటారు, 'ఇక్కడ చెడగొట్టాను, ఎందుకో చెప్పండి' అని దగ్గరి నుంచి తీసిన ఫొటో పెట్టినవాడి దగ్గర మాత్రం గంటసేపు కూర్చుంటారు. మీ ఊళ్లో ఒకరిద్దరైనా దొరికితే కలిసి చేయండి. మీ చేతికి నున్నగా అనిపించింది ఇంకొకరి చేతికి గరుకుగా తగలడం ఒంటరిగా ఉంటే తెలియదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. క్లే చేశాక టార్చి వెలుగులో సన్నటి మసక గీతలు కనిపించొచ్చు, ముఖ్యంగా మెత్తటి క్లియర్ కోట్ ఉన్న నల్ల కార్ల మీద. లూబ్ బాగా వాడినా కొన్ని రంగుల మీద ఇది తప్పదు, వాటిని పాలిష్‌తో తీయొచ్చు. అందుకే పాలిష్ చేసే ఉద్దేశం లేని నల్ల కారుకు, గరుకు మరీ ఎక్కువగా ఉంటే తప్ప, క్లే చేయమని నేను చెప్పను. ఇంకోటి, క్లే పాత వ్యాక్స్‌ను కూడా ఊడ్చేస్తుంది. పని ముగిశాక కారును ఒకసారి షాంపూతో కడిగి, ఆరబెట్టి, అదే రోజు స్ప్రే వ్యాక్స్ పల్చగా పట్టించండి. వచ్చే పాఠంలో దాన్ని ఎలాగూ తీసేస్తాం, అంతవరకు రంగును ఒట్టిగా వదలకూడదు.

ఈ విడత సాధన బానెట్ ఒక్కటే. సగానికి టేపు వేసి, ఒక సగానికి ఐరన్ రిమూవర్ మాత్రం, రెండో సగానికి రిమూవర్ తర్వాత క్లే. రెండు సగాలనూ కవరుతో నిమిరి తేడా రాసిపెట్టుకోండి. వాడిన క్లే ముక్కను చదును చేసి, పగటి వెలుగులో ఫొటో తీయండి. కారు మొత్తం చేయాలని చేతులు దురద పెడతాయి, ఆగండి.

5వ పాఠంలో పాలిషింగ్ మొదలుపెడతాం. అరచేతి వెడల్పు చోట ప్రయత్నించి, ఏ ప్యాడ్, ఏ పాలిష్ సరిపోతాయో తేల్చుకోవడం దగ్గర్నుంచి. టేపు మిగిలితే దాచండి, ఒక మంచి టార్చి సంపాదించండి. మెషీన్ ఇప్పుడే కొనకండి. మీ కారు రంగు గట్టిదో మెత్తదో తెలిశాక ఏది కొనాలో కలిసి చూద్దాం.