క్లోన్ చేసిన రెండు వీఎంలకూ ఒకే ఐపీ: సమస్య - పరిష్కారం

లక్షణం ఇది. ల్యాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటర్‌ని (వర్చువల్ మెషిన్, అంటే వీఎం) నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు సర్వర్ అనే లైనక్స్ వేశారు, దాన్నే క్లోన్ (అచ్చు నకలు) కొట్టి రెండోది తయారు చేశారు. రెండూ బూట్ అయ్యాయి, రెండింట్లోనూ ఇంటర్నెట్ వస్తోంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్) కొడితే మాత్రం తిరిగి తన దగ్గరికే వస్తోంది. చూస్తే రెండింటి ఐపీ (నెట్‌వర్క్‌లో మెషిన్ చిరునామా) ఒకటే. బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఔట్ పీజీల్లో 8 జీబీ ల్యాప్‌టాప్ మీద ల్యాబ్ పెట్టుకునే మనవాళ్లు ఈ దశలో రెండోదాన్ని డిలీట్ చేసి ఇన్‌స్టాలేషన్ మళ్లీ మొదలుపెడతారు. ఆ గంట దండగ.

పింగ్‌ని (అవతలి మెషిన్ పలుకుతుందా అని చూసే కమాండ్) నమ్మకండి. ఐపీ ఒకటే అయినప్పుడు పింగ్‌కి జవాబు వస్తుంది, కానీ అది ఆ మెషిన్ తనకు తానే ఇచ్చుకున్న జవాబు.

ముందు ఆ ఐపీ ఏమిటో చదవండి

రెండింట్లోనూ 10.0.2.15 ఉంటే అది అసలు తప్పే కాదు. వర్చువల్‌బాక్స్ డీఫాల్ట్ నెట్‌వర్క్ మోడ్ నాట్, అంటే వీఎం ల్యాప్‌టాప్ ఐపీ వెనక దాక్కుని బయటికి వెళ్లే పద్ధతి. ఆ మోడ్‌లో ప్రతి వీఎంకీ విడిగా ఒక రూటర్ ఉన్నట్టే లెక్క, మొదటి నెట్‌వర్క్ కార్డుకు ప్రతిచోటా 10.0.2.15 వస్తుంది. ఒక వీఎంకి ఇంకో వీఎం కనపడదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే పది సెకన్లలో తేలే సంగతి. ఎవరూ తెరవరు, ఫైర్‌వాల్ మీద పడతారు.

వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ మేనేజర్‌లో నాట్ నెట్‌వర్క్ ఒకటి క్రియేట్ చేసి రెండు వీఎంలనూ దానికి తగిలించండి. పేరు దగ్గర దగ్గరగా ఉన్నా నాట్, నాట్ నెట్‌వర్క్ వేర్వేరు. రెండోదాన్లో వీఎంలు ఒకదానికొకటి కనపడతాయి. ల్యాప్‌టాప్ నుంచి కూడా వీఎంలలోకి ఎస్ఎస్‌హెచ్ కావాలంటే రెండో కార్డును హోస్ట్-ఓన్లీ మోడ్‌లో (ల్యాప్‌టాప్‌కీ వీఎంలకీ మధ్యే నడిచే నెట్‌వర్క్) పెట్టండి. అక్కడ ల్యాప్‌టాప్‌ది 192.168.56.1, వీఎంలకు 192.168.56.101 నుంచి మొదలవుతుంది. ఇన్‌స్టాలేషన్ తర్వాత చేర్చిన రెండో కార్డుకు ఐపీ రాదు, ఎందుకంటే నెట్‌ప్లాన్ (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్స్) ఫైల్లో మొదటి కార్డు పేరే ఉంటుంది. రెండోదాన్ని మీరే రాయాలి.

మోడ్ సరిగానే ఉంది, అయినా ఐపీ ఒకటే

క్లోన్ చేసేటప్పుడు మాక్ అడ్రస్ పాలసీ అని అడుగుతుంది. మాక్ అంటే నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు. అన్ని కార్డులకూ కొత్త మాక్ ఇచ్చే ఆప్షన్ ఎంచుకోవాలి. డీఫాల్ట్‌గా వదిలేస్తే నాట్ కార్డు పాత మాక్‌తోనే వస్తుంది, తర్వాత దాన్ని నాట్ నెట్‌వర్క్‌కి మార్చగానే గొడవ బయటపడుతుంది. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద మాక్ పక్కనున్న రిఫ్రెష్ బటన్ నొక్కితే చాలు.

ఇక అసలు దొంగ. మాక్‌లు వేరు, మోడ్ సరే, రెండూ 192.168.56.101 అంటున్నాయి. ఐపీలు పంచే డీహెచ్‌సీపీ మాక్‌ని చూసే ఐపీ ఇస్తుందని పాఠంలో చెప్తారు కాబట్టి ఇక్కడ బుర్ర పనిచేయదు. ఉబుంటు సర్వర్ డీహెచ్‌సీపీ అడిగేటప్పుడు మాక్‌తో పాటు క్లయింట్ ఐడీ ఒకటి పంపుతుంది. దాన్ని ఈటీసీ ఫోల్డర్లోని మెషిన్-ఐడీ ఫైలు నుంచీ కార్డు పేరు నుంచీ తయారు చేస్తుంది. క్లోన్‌లో ఆ ఫైలూ అదే, కార్డు పేరూ అదే. క్లయింట్ ఐడీ వచ్చిందంటే డీహెచ్‌సీపీ సర్వర్ గుర్తుపట్టేది దాన్నిబట్టే. ఒకే ఆధార్ నంబరుతో ఇద్దరు వచ్చినట్టు, ఇద్దరికీ ఒకే ఐపీ రాసిస్తుంది. వీఎంవేర్‌లోనూ ఇదే కథ.

ఇది దొరక్కపోవడానికి ఇంకో కారణం, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (మెషిన్‌ని గుర్తుపట్టే కీలు) కూడా క్లోన్ అయిపోతాయి. మామూలుగా ఒక ఐపీ వెనక మెషిన్ మారితే ఎస్ఎస్‌హెచ్ అరుస్తుంది. ఇక్కడ కీ ఒకటే, హోస్ట్‌నేమ్ (మెషిన్ పేరు) ఒకటే. అందుకే కిక్కురుమనదు. ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ అయితే ఒకసారి ఇందులోకి, ఒకసారి అందులోకి వెళ్తారు. వెబ్ సర్వర్ అనుకుని డేటాబేస్ మెషిన్లో ఫైళ్లు మారుస్తారు.

నిర్ధారణకు రెండింట్లోనూ హోస్ట్‌నేమ్‌సీటీఎల్ కొట్టి మెషిన్ ఐడీ వరుస చూడండి. 32 అక్షరాలూ ఒకటే అయితే దొరికినట్టే.

పరిష్కారం రెండో మెషిన్లో చేయండి. మెషిన్-ఐడీ ఫైల్ని ట్రంకేట్ కమాండ్‌తో సైజు 0 చేయండి. ఫైలు ఉండాలి, లోపల ఏమీ ఉండకూడదు. తర్వాత వార్ ఫోల్డర్లో లిబ్, దాన్లో డీబస్ కింద అదే పేరుతో ఇంకోటి ఉంటుంది, అది ఈటీసీ ఫైలుకు సింబాలిక్ లింకేనా (ఆ ఫైలువైపు చూపే షార్ట్‌కట్) అని చూడండి. లింకు కాక విడి ఫైలైతే, బూట్ అయ్యేటప్పుడు లైనక్స్‌ని లేపే సిస్టమ్‌డీ అందులోని పాత ఐడీనే తెచ్చి మళ్లీ పెడుతుంది. "చేశాను, పని చేయలేదు" అనేవాళ్లలో చాలామంది వదిలేసేది దీన్నే. దాన్ని తీసి లింకు పెట్టండి. ఆపైన హోస్ట్‌నేమ్ మార్చి, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు తీసేసి కొత్తవి పుట్టించి, రీబూట్ చేయండి.

టెంప్లేట్‌గా (క్లోన్‌లన్నిటికీ మూలంగా) వాడే మెషిన్లో అయితే ఫైలు ఖాళీ చేశాక షట్‌డౌన్ చేసి అలాగే క్లోన్ తీయాలి. "ఒకసారి చూద్దాం" అని బూట్ చేశారా, కొత్త ఐడీ పుట్టేస్తుంది, ఆ తర్వాతి క్లోన్‌లన్నిటికీ అదే అంటుకుంటుంది.

నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ ఐడెంటిఫయర్‌గా మాక్ పెట్టే దారి కూడా ఉంది. ఐపీ గొడవ పోతుంది, మెషిన్ ఐడీ మాత్రం ఒకటిగానే మిగులుతుంది. స్టాటిక్ ఐపీ (మీరే చేత్తో రాసిన ఐపీ) ఇచ్చినా అంతే. రేపు కుబర్నెటీస్ (చాలా మెషిన్లను కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) ల్యాబ్ పెట్టాలంటే ఐపీ, మెషిన్ ఐడీ, హోస్ట్‌నేమ్ అన్నీ విడివిడిగా ఉన్న మెషిన్లు ఉండటమే మేలు.

మిగతావి

ఇన్‌స్టిట్యూట్‌లో కేబుల్ మీద బ్రిడ్జ్ మోడ్ (వీఎం నేరుగా బయటి నెట్‌వర్క్‌లో చేరే పద్ధతి) పనిచేసి పీజీలో పనిచేయకపోతే వైఫై సంగతి అది. యాక్సెస్ పాయింట్ తనకు కనెక్ట్ అయిన మాక్ నుంచి వచ్చేవే ఒప్పుకుంటుంది. వర్చువల్‌బాక్స్ మాక్ మార్చి పంపి ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, లాగిన్ పేజీ, డివైస్ లిమిట్ ఉన్న వైఫైలో గ్యారంటీ లేదు. పీజీలో బ్రిడ్జ్ జోలికి పోకండి.

విండోస్ వీఎం నుంచి లైనక్స్‌కి పింగ్ వెళ్తూ, ఇటు నుంచి అటు వెళ్లకపోతే విండోస్ ఫైర్‌వాల్. ఎకో రిక్వెస్ట్ (అంటే పింగ్) రూల్ ఎనేబుల్ చేయండి. మొత్తం ఫైర్‌వాల్ ఆపేయక్కర్లేదు.

విండోస్ సర్వర్ని క్లోన్ చేసి, ఒకదాన్ని డొమైన్ కంట్రోలర్ (నెట్‌వర్క్‌లోని లాగిన్లన్నీ చూసే సర్వర్) చేసి, రెండోదాన్ని ఆ డొమైన్‌లో జాయిన్ చేయబోతే ఎస్ఐడీ (విండోస్ గుర్తింపు నంబరు) ఒకటే అంటూ ఆపేస్తుంది. క్లోన్‌కి ముందు సిస్‌ప్రెప్‌లో (విండోస్‌తో వచ్చే టూల్) జనరలైజ్ టిక్ పెట్టి షట్‌డౌన్ చేయండి. ఇప్పటికే క్లోన్ అయిపోతే జాయిన్ కావాల్సిన మెషిన్లో చేయండి, డొమైన్ కంట్రోలర్‌లో కాదు.