వెనుక షాకబ్జార్బర్ల మార్పిడి: నా అనుభవం

వెనుక మనిషిని, సామాను సంచులను ఎక్కించుకొని శ్రీశైలం ఘాట్ రోడ్డెక్కితే, గుంత తగిలిన ప్రతిసారీ నా బైకు వెనుకభాగం అడుగంటేదాకా కుంగి, ఆపై చాలాసేపు ఊగేది. ప్రీలోడ్ (స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు) బిగిస్తే ఎత్తు పెరిగింది గానీ ఊపు తగ్గలేదు. ప్రీలోడ్ స్ప్రింగు గట్టిదనాన్ని గానీ, ఊపును అణచే డంపింగ్‌ను గానీ మార్చదు మరి. రాడ్డు చుట్టూ నూనె జిడ్డుకు దుమ్ము అంటుకొని ఉండటంతో, సీలు పోయి డంపింగ్ నూనె కారిపోయిందని తేలింది.

కొత్తవి ఎంచుకునేటప్పుడు పై బోల్టు నుంచి కింది బోల్టుకు ఉన్న దూరం పాతవాటితో సరిపోవాలని, ఇద్దరం కూర్చున్నాక కుంగుడు షాకబ్జార్బర్ మొత్తం కదలికలో సుమారు మూడో వంతుకు మించరాదని చూశాను. మెరిసే గ్యాస్ డబ్బాలు తగిలించిన షాకబ్జార్బర్ల జతకన్నా మన బరువుకు తగిన స్ప్రింగు, రీబౌండ్ (కుంగిన స్ప్రింగు తిరిగి లేచే వేగం) సర్దుబాటు ఉన్న సాదా జతే నా దృష్టిలో మేలు. రీబౌండ్‌ను ఒక్కొక్క క్లిక్కే బిగిస్తూ, సీటును నొక్కి వదిలితే ఒక్కసారి లేచి నిలిచే చోట ఆపాను.