బండికి పొడవు ఫోర్కులు వేయడం ఎలా? ముందు కొలత, తర్వాతే స్పానర్

నా బండి మొదటిసారి పడింది హైవే మీద కాదు, విశాఖ మురళీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద. వేగం మనిషి నడకంత కూడా లేదు. ముందు ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట రాడ్లను, నాలుగు అంగుళాలు పెంచి అప్పటికి రెండు రోజులు. ర్యాంపు దిగి ఎడమకి తిప్పాను. హ్యాండిల్ నేను తిప్పిన చోట ఆగలేదు, ఎవరో పట్టుకు లాగినట్టు చివరిదాకా వాలిపోయింది. బండి పడింది, నేను పడ్డాను, కొత్త ఇండికేటర్ ముక్కలైంది. వాచ్‌మన్ బండి లేపుతూ "ఏటి బాబూ, ముందు చక్రం అంత దూరం ఎల్లిపోనాది?" అన్నాడు. ఫోర్కు కొనేముందు నన్ను నేను అడగాల్సిన ప్రశ్న అదే.

పనిలోకి దిగేముందు ఆర్‌సీ కార్డు తీసి చూడండి. అందులో వీల్‌బేస్ (రెండు చక్రాల యాక్సిళ్ల మధ్య దూరం) అని ఒక అంకె ఉంటుంది. ఫోర్కు పొడవు పెరిగితే ఆ అంకె మారిపోతుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అప్పుడు తలనొప్పి వేరే. షోలో పెట్టడానికో, సొంత స్థలంలో తిప్పుకోవడానికో చేసుకునే బండి అయితే ఒక లెక్క. రోడ్డెక్కించాలనుకుంటే మాత్రం రవాణా శాఖ ఆఫీసులో అడిగిన తర్వాతే బోల్టు విప్పండి.

కొలతలు

రెండు మాటలు అర్థమైతే సగం పని అయినట్టే. హ్యాండిల్ తిరిగే ఇరుసు నిలువు గీతకు ఎంత వాలుగా ఉందో ఆ కోణం రేక్. ఆ ఇరుసును అలాగే నేలదాకా పొడిగిస్తే తగిలే చోటుకీ, టైరు నేలను తాకే చోటుకీ మధ్య దూరం ట్రెయిల్. బండి తిన్నగా పోవడానికి కారణం ట్రెయిల్. తక్కువైతే స్పీడులో హ్యాండిల్ వణుకుతుంది. ఎక్కువైతే నెమ్మదిగా తిప్పేటప్పుడు మా ర్యాంపు కథ అవుతుంది.

కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. సమతలంగా ఉన్న చోట బండిని నిటారుగా నిలబెట్టి, హ్యాండిల్ తిన్నగా పెట్టండి. ఫోనులోని కోణం కొలిచే యాప్‌ను ఫోర్కు రాడ్‌కు ఆనిస్తే రేక్ తెలుస్తుంది. మామూలు బండ్లలో రాడ్లూ ఇరుసూ సమాంతరంగానే ఉంటాయి. ఒక పొడవాటి కర్రను పక్కనుంచి సరిగ్గా ఇరుసు గీత వెంటే పట్టి, అది నేలను తాకిన చోట సుద్దముక్కతో గీత పెట్టండి. తర్వాత తాపీమేస్త్రి వాడే తూకం గుండును ముందు చక్రం యాక్సిల్ మధ్య నుంచి వదిలి ఇంకో గీత పెట్టండి. రెండు గీతల మధ్య దూరమే ట్రెయిల్.

ఇప్పుడు లెక్క. చక్రం వ్యాసార్ధాన్ని రేక్ కోణం సైన్‌తో గుణించి, ఆఫ్‌సెట్ తీసేసి, కొసైన్‌తో భాగించాలి. ఆఫ్‌సెట్ అంటే ఇరుసు గీత నుంచి చక్రం యాక్సిల్ ఎంత ముందుకు ఉందో ఆ దూరం. నాది 19 అంగుళాల ముందు చక్రం, 1390 మి.మీ. వీల్‌బేస్ ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. రేక్ 26 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 50 మి.మీ. అనుకుని లెక్కేస్తే ట్రెయిల్ సుమారు 106 మి.మీ. ఫోర్కు రెండు అంగుళాలు పెంచితే బండి ముందు భాగం లేచి, ఫ్రేము వెనక్కి వాలి, రేక్ 27.8 డిగ్రీలకు, ట్రెయిల్ 118కి చేరతాయి. నాలుగు అంగుళాలైతే 29.6 డిగ్రీలు, 130 మి.మీ. ఒక్కో అంగుళానికి డిగ్రీకి కాస్త తక్కువ మారుతుందని గుర్తుంచుకుంటే చాలు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఫ్రేము ముట్టుకోకుండా చేసేటట్టయితే రెండు అంగుళాల దగ్గర ఆగిపోండి. ఇంకా పొడవు కావాలంటే ఫ్రేము మెడ (హ్యాండిల్ ఇరుసు కూర్చునే చోటు) కోసి కోణం మార్చాలి, లేదా కోణం ఉన్న టీ (ఫోర్కు రాడ్లను పట్టి ఉంచే పై, కింది క్లాంపుల జత) వేయాలి. మొదటిది ఫ్రేమును కదలకుండా పట్టి ఉంచే జిగ్ ఉన్నవాళ్లు చేసే పని, ఇంట్లో కుదిరేది కాదు. రెండోదాంట్లో ఒక మెలిక ఉంది. కోణం ఉన్న టీ ట్రెయిల్‌ను తగ్గిస్తుంది. చూడ్డానికి బాగుందని పొడవు పెంచని ఫోర్కుకు అదొక్కటే వేస్తే బండి స్పీడులో చేతుల్లోంచి జారిపోవాలని చూస్తుంది.

రాడ్లు

పొడవాటి ఒకే ముక్క రాడ్లే కొనండి లేదా చేయించండి. పాత రాడ్‌ను వెంట తీసుకెళ్లండి. బయటి వ్యాసం (నా బండిది 41 మి.మీ.), గోడ మందం, పైన క్యాప్ మర, కింది చివర ఆకారం అన్నీ దానితో సరిపోవాలి. పైన మరతో బిగించే పొడిగింపు ముక్కలు కూడా దొరుకుతాయి. అతుకు రెండు క్లాంపుల మధ్యే ఉండిపోయేటట్టయితే సరే, కింది క్లాంపు కిందికి దిగిందంటే గుంత పడ్డ ప్రతిసారీ బరువంతా ఆ మర మీదే.

వెల్డింగ్ మాత్రం వద్దు. గాజువాక ఆటోనగర్‌లో ఒక లేత్ పెద్దాయన దగ్గరికి నేను ముందు ఆ ఉద్దేశంతోనే వెళ్లాను. ఆయన రాడ్‌ను వేలితో టంగుమని మోగించి, "అతికిత్తాను బాబూ, నాకేటి? ఇరిగినప్పుడు నువ్వు దాని మీదుంటావు" అన్నాడు. గట్టి ఉక్కు పైపుకు వేడి తగిలితే అతుకు పక్కన పెళుసుబారుతుంది. కంటికి కనిపించదు, ఒకరోజు పటుక్కుమంటుంది. ఆయన డబ్బులు వదులుకుని చెప్పిన మాట.

రాడ్లు చేతికొచ్చాక మందపాటి గాజు పలక మీద దొర్లించి చూడండి. కింద సందులోంచి వెలుతురు వచ్చిపోతూ ఉంటే రాడ్ వంకర. అది వాపస్.

విప్పడం, బిగించడం

ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం గాల్లో నిలబెట్టండి. వెనక చక్రానికి అటూ ఇటూ ఇటుకలు. ముందుగా పై క్లాంపు బోల్టులు వదులు చేసి, రాడ్లు ఇంకా బండికే ఉండగా ఫోర్కు క్యాపులను కొద్దిగా కదిలించి పెట్టుకోండి. బయటికి తీశాక వాటిని విప్పడం నరకం. తర్వాత బ్రేకు కాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) తీసి తీగతో ఫ్రేముకు వేలాడదీయండి, గొట్టం మీద బరువు పడకూడదు. డిస్కు లేనప్పుడు లివర్ నొక్కకండి. ఏబీఎస్ సెన్సర్ వైరు, చక్రం, మడ్‌గార్డు, ఆ తర్వాత ఫోర్కులు.

క్యాపు తీసేటప్పుడు ముఖం పక్కకు పెట్టండి, లోపల స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది. నూనె వంచేసి బాటమ్ కేసు (రాడ్ దూరే కింది గొట్టం) అడుగున ఉన్న అలెన్ బోల్టు విప్పాలి. చాలాసార్లు లోపలి డ్యాంపర్ రాడ్ (ఫోర్కు ఊగకుండా అదుపు చేసే కడ్డీ) కూడా దాంతోపాటే తిరుగుతుంది. పాత మాప్ కర్ర చివర చెక్కి, పైనుంచి దించి గట్టిగా అదిమి పట్టుకుంటే ఆగుతుంది. నాకు ఈ ఒక్క బోల్టుకే మధ్యాహ్నమంతా పట్టింది.

కొత్త రాడ్ ఎక్కించేటప్పుడు దాని అంచు మీద పలచటి ప్లాస్టిక్ కవరు చుట్టి గ్రీజు పూయండి, లేకపోతే కొత్త ఆయిల్ సీల్ పెదవి అంచుకు తగిలి తెగుతుంది. రాగి వాషర్ కొత్తదే వేయాలి. రాడ్ పొడవైంది గానీ స్ప్రింగ్ పాతదే కదా, మధ్యలో మిగిలిన ఖాళీని స్పేసర్‌తో నింపాలి. గట్టి పీవీసీ పైపును పెంచిన పొడవుకు సరిగ్గా, అంచు తిన్నగా కోసి, స్ప్రింగ్‌కూ దానికీ మధ్య ఇనుప వాషర్ పెట్టండి. నూనె కంపెనీ చెప్పిన గ్రేడు, కంపెనీ చెప్పిన పరిమాణమే పోయండి. నడిపేటప్పుడు ఫోర్కు చివరిదాకా మునిగి అడుగు తగులుతుంటే అప్పుడు 10 మి.లీ. చొప్పున కలుపుకోవచ్చు. రెండు వైపులా సమానంగా ఉండాలి, అంతే.

విప్పి ఉంది కాబట్టి కోన్‌సెట్ (హ్యాండిల్ ఇరుసు తిరిగే బేరింగులు) కూడా చూసేయండి. బంతులు తిరిగే దారిలో చిన్న గుంతలు కనబడితే మార్చేయాలి. బిగించేటప్పుడు రెండు రాడ్ల పైచివరలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడండి. యాక్సిల్‌ను ఫోర్కుకు బిగించి పట్టే పించ్ బోల్టు వదులుగా ఉంచి, జాకీ తీసి, బ్రేకు పట్టి ఫోర్కును పదిసార్లు గట్టిగా నొక్కితే కాళ్లు రెండూ సర్దుకుంటాయి. అప్పుడు టార్క్ రెంచ్‌తో, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారం బిగించండి. చేతి లెక్క పనికిరాదు.

అందరూ మర్చిపోయేవి

ఇంజిన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లో హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఇంజిన్ శబ్దం పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటోంది. బ్రేకు గొట్టం, క్లచ్ కేబుల్, సెన్సర్ వైరు కూడా ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు లాగబడకూడదు. చాలకపోతే పొడవువి కొనాల్సిందే.

ముందు భాగం లేచింది కాబట్టి సైడ్‌స్టాండ్ పొట్టిదైపోతుంది, బండి మరీ వాలి నిలబడుతుంది. విశాఖలో సమతలంగా ఉన్న వీధి దొరకడమే కష్టం, పల్లంలో ఆపితే సోలిపోతుంది. స్టాండుకు పొడవు పెట్టించండి. హెడ్‌లైట్ ఎదురొచ్చేవాడి కళ్లలో కొడుతుంది, కిందికి దించండి. ఇంజిన్ ఆయిల్ చూసే గాజు కిటికీలో మట్టం కూడా ఇదివరకటిలా ఉండదు.

నడిపి చూడడానికి ఖాళీ స్థలం చాలు. ఒక రాడ్‌కు ప్లాస్టిక్ టై కట్టి కిందికి జరిపి ఉంచితే, ఫోర్కు ఎంతవరకు మునిగిందో తర్వాత అది చూపిస్తుంది. మొదట ఫస్ట్ గేరులో ఎనిమిది అంకె వేయండి. హ్యాండిల్ చేతిలోంచి వాలిపోతుంటే పొడవు తగ్గించుకోవాలి, అలవాటైపోతుందిలే అనుకోకండి. ఆ తర్వాతే మెల్లగా బ్రేకులు, కాస్త వేగం. వంద కిలోమీటర్లకు బోల్టులన్నీ మళ్లీ చూడాలి.

నాలుగు అంగుళాల రాడ్లు తీసేసి రెండువి వేయించాక నాకు మిగిలిన సమస్య ఉప్పుగాలి. పొడవు ఫోర్కంటే బయటికి కనబడే క్రోమ్ ఎక్కువ. సముద్రానికి ఇంత దగ్గర్లో దాని మీద చుక్కల్లా తుప్పు పుట్టి, ఆ చుక్కలు ఆయిల్ సీల్‌ను గీకేస్తాయి. రెండు రోజులకోసారి తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డకు రెండు చుక్కలు నూనె రాసి రుద్దుతున్నాను. రబ్బరు గొట్టాలు తొడిగితే ఈ పని ఉండదు గానీ, పొడవంతా దాచుకోవడానికా ఇంత కష్టపడింది అని మనసొప్పలేదు.