కంటైనర్‌లోని క్యూజీఐఎస్‌కు డిస్‌ప్లే ఇచ్చిన విధానం: నా అనుభవం

రాయగడ జిల్లా గుణుపురంలో మా అక్క కూతురు వంశధార పరీవాహక ప్రాంతం మ్యాపులు గీస్తోంది. ఉబుంటు లినక్స్ డెస్క్‌టాప్‌లో, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌ను డాకర్ కంటైనర్‌గా, అంటే మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉండే పెట్టెలాంటి దాంట్లో, పెట్టుకుంది. నడపగానే డిస్‌ప్లేకి కనెక్ట్ కాలేదంటూ ఆగిపోయేది. "మావయ్యా, సాఫ్ట్‌వేర్ పాడైందేమో" అని టెన్షన్ పడింది.

పాడవలేదు. కంటైనర్‌కు సొంత తెర ఉండదు, బయట ఉన్న ఎక్స్ సర్వర్‌ను (తెర మీద విండోలు చూపించే ప్రోగ్రామ్‌ను) మనమే చూపాలి. ఏ తెర వాడాలో చెప్పే డిస్‌ప్లే వేరియబుల్‌ను లోపలికి పంపి, ఎక్స్ సర్వర్‌తో మాట్లాడే దారి అయిన, టెంప్ ఫోల్డర్‌లోని ఎక్స్11 సాకెట్ డైరెక్టరీని కంటైనర్‌లో కనిపించేలా మౌంట్ చేయించాను. ఇప్పుడు అనుమతి లేదంది. ఇక్కడ చాలామంది, ఎక్స్ సర్వర్‌ను ఎవరు వాడొచ్చో చెప్పే ఎక్స్‌హోస్ట్ కమాండ్ పక్కన ఒట్టి ప్లస్ గుర్తు కొట్టేస్తారు. అది వీధి తలుపు బార్లా తీసి పెట్టడమే. ఎక్స్11లో ఒక ప్రోగ్రామ్ మరోదాంట్లో టైప్ చేసేది కూడా చూడగలదు, అందుకే దయచేసి అలా చేయకండి. ఆ కంటైనర్ రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) నడుస్తోంది కాబట్టి లోకల్ యూజర్ రూట్‌కు మాత్రమే అనుమతి ఇప్పించాను.

విండో వచ్చింది, లోపలంతా బూడిద రంగే! క్యూజీఐఎస్ లాంటి క్యూటీ ప్రోగ్రాములు (క్యూటీ అంటే విండోలు గీసే లైబ్రరీ) ఎక్స్ సర్వర్‌తో షేర్డ్ మెమరీ వాడాలని చూస్తాయి, కంటైనర్ గోడ దాన్ని ఆపేస్తుంది. ఆ షేర్డ్ మెమరీ వాడొద్దని చెప్పే క్యూటీ_ఎక్స్11_నో_ఎంఐటీఎస్‌హెచ్‌ఎం వేరియబుల్‌కు 1 ఇవ్వగానే నది పాయలన్నీ తేటగా కనిపించాయి.

పని అయ్యాక అదే ఎక్స్‌హోస్ట్ కమాండ్‌లో ప్లస్ బదులు మైనస్ పెట్టి అనుమతి తీసేయమన్నాను.